రిమార్కుల గడి

పాపారావు తన నేల మింగేశాడని బుల్లబ్బాయి ఏడేళ్ళుగా చెప్పుకోని చోటు యానాంలో లేదు. చేపల మార్కెట్లో చెప్పాడు. మంగలి కొట్లో సగం గడ్డం గీయించుకుని, మిగతా సగం మీద నురగ ఆరిపోతుంటే చెప్పాడు. అగ్రహారం ఆటో స్టాండులో ఎక్కాల్సిన ఆటో వదిలేసుకుని మరీ చెప్పాడు. "పరాయోడైతే నాలుగు తిట్టి ఊరుకుందును. సొంత అక్క మొగుడు! పొరుగూరి నుంచి చేతులూపుకుంటూ వచ్చినోడికి మా నాన్న పిల్లనిచ్చి, రొయ్యల మేత కొట్టు పెట్టించి మనిషిని చేస్తే, తీసుకొచ్చి నా చెరువు గట్టు మీద కంచె పాతాడు." మొదట్లో జనం అయ్యో అన్నారు. తర్వాత ఊఁ అన్నారు. ఈమధ్య బుల్లబ్బాయి గొంతు సవరించుకుంటుంటేనే ఫోను చెవికి ఆనించుకుని పక్కకి తప్పుకుంటున్నారు.

వినేవాళ్ళు లేకపోయేసరికి ఆ మాటలన్నీ లోపలికి తిరిగి గుండెల్లో పట్టేశాయి. కాకినాడ డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి గుండె గట్టిదేనన్నాడు. అక్కడే నర్సుగా చేస్తున్న కూతురు దుర్గాశ్రీ ఓ పొడుగు నోటుపుస్తకం కొని తండ్రి చేతిలో పెట్టింది. "ఊళ్ళో వాళ్ళకి చెప్పేదేదో దీనికి చెప్పు నాన్నా. రోజూ రాయి. రాసింది మళ్ళీ చదువుకో. అంతే."

ఏడో తరగతిలో బడి వదిలేసిన మనిషి. రాయడమంటే అతనికి తెలిసింది రొయ్యల చెరువు పుస్తకం రాయడం ఒక్కటే. అందుకని స్కేలు పెట్టి అవే గడులు గీశాడు. తేదీ, ఉదయం, సాయంత్రం, చెక్ ట్రే, రిమార్కులు. మేత చల్లాక గుప్పెడు మేత పళ్ళెంలాంటి వలలో పోసి నీళ్ళలోకి దింపుతారు, రెండు గంటలాగి ఎత్తి చూస్తారు, అదీ చెక్ ట్రే. మేత మిగిలిందంటే రొయ్యకి లోపల ఏదో బాగాలేదన్నమాట. బుల్లబ్బాయి తనని కూడా అలాగే ఎత్తి చూసుకోవడం మొదలుపెట్టాడు. "ఉదయం: మనిషి మామూలు. సాయంత్రం: మార్కెట్లో పాపారావు కనబడ్డాడు. ఆక్సిజన్ పడిపోయింది. చెక్ ట్రే: రెండు గంటలాగి చూశాను. కోపం వేసింది వేసినట్టే ఉంది."

నలభై ఒక్క రోజులు రాశాడు. నలభై రెండో రోజు మొదటినుంచీ చదువుకుంటే దాదాపు ప్రతి పేజీలోనూ పాపారావు ఉన్నాడు. ఆ నేల గొడవలో తను ఎక్కడా లేడు. ఇదేంటని పాత చెరువు పుస్తకాల పెట్టె తెరిచి, ఏడేళ్ళ కిందట అక్కకి నేల రాసిస్తూ సంతకం పెట్టిన రోజు పేజీ తీశాడు. అందులో ఏముందో చూసి, కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పోయిన వారం మనం అతన్ని అడవిపొలంలో చెరువు గట్టు మీద, రేకుల షెడ్డులో, ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చోగా వదిలేశాం.

అది శనివారం సాయంత్రం. సోమవారం పొద్దున్న సర్వేయరు వస్తున్నాడు. రప్పిస్తున్నది బుల్లబ్బాయే. అక్క కనకదుర్గకి పుట్టింటి వాటా కింద రోడ్డువైపు పద్దెనిమిది సెంట్లు రాసిచ్చాడు, అంతవరకూ ఇష్టంగానే ఇచ్చాడు. నెల తిరక్కుండా పాపారావు కంచె అంతకు రెట్టింపు నేల చుట్టేసి, చెరువులోకి ఉప్పునీరు వచ్చే తూము పక్కకొచ్చి ఆగింది. అదేంటి బావా అంటే, "కాగితం చూసుకో. చదివే సంతకం పెట్టావుగా" అన్నాడు. కొలతలేయిస్తే కంచె వెనక్కి పోతుందని బుల్లబ్బాయి ఊరంతా చాటాడు. ఇప్పుడా పాత పేజీ చూశాక, కంచె వెనక్కి పోవడం అటుంచి ముందుకొస్తే తూమే పోతుందేమోనన్న భయం పట్టుకుంది. తూము లేని చెరువు గొంతు నొక్కిన మనిషి లాంటిది. వేసిన రొయ్యపిల్ల వేసినట్టే చస్తుంది.

ఆదివారం పొద్దున్న బావకి ఫోను చేసింది కూడా బుల్లబ్బాయే. ఎందుకు చేశాడో అతనికే తెలీలేదు. "ఫిలోమినా టీచరుగారింటికి రా బావా. పాత ఫ్రెంచి కాగితం చదివిస్తున్నాను. నువ్వూ విను" అని పెట్టేశాడు. పెట్టేశాక అరగంట ఇంటిముందు అటూ ఇటూ తిరిగాడు. చొక్కా వేసుకుని విప్పాడు, మళ్ళీ అదే వేసుకున్నాడు.

"నువ్వెందుకు? ఇంట్లో ఉండు" అన్నాడు, భార్య ప్రసన్న గొడుగు తీస్తుంటే.

"ఎండగా ఉందండి. పదండి" అంది ప్రసన్న. ఇంటర్ చదివిన మనిషి. ఆ చదువు సంగతి మొగుడి ముందు ఎప్పుడూ ఎత్తదు.

యానాంలో తాతలనాటి ఫ్రెంచి కాగితాలున్న ఇళ్ళన్నింటికీ ఫిలోమినా టీచరుగారి వరండా తెలుసు. బడిలో తెలుగూ ఫ్రెంచీ రెండూ చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం చర్చి నుంచి రాగానే, చీరైనా మార్చకుండా వరండాలో కుర్చీ వేయించుకుంటారు. పైసా పుచ్చుకోరు. కానీ ఒక పద్ధతి పెట్టారు: కాగితం ఆవిడ చేతికి ఇచ్చేముందు, అందులో ఏముందని నువ్వు అనుకుంటున్నావో నీ నోటితో చెప్పాలి. చెప్పాకే ఆవిడ చదువుతారు.

బడిలో ఆవిడ దగ్గరే చదివిన బుల్లబ్బాయి ఆవిడ ముందు కూర్చుని నలభై ఏళ్ళు కావస్తోంది. ఎప్పుడు కేకేస్తారో అన్నట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు, లేచాడు, గ్రిల్లు పట్టుకున్నాడు, చెప్పులు వీధిలో సరిగ్గా ఉన్నాయో లేదో చూసొచ్చాడు. చెవుల్లో, చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటరు తిరుగుతున్నట్టే ఉంది.

"కుదురుగా ఉండవేంరా? అప్పుడూ ఇంతే" అన్నారు టీచరుగారు.

"గుర్తున్నానాండీ?"

"కిటికీ పక్క బెంచీ. బుల్లబ్బాయి. వాచకం తీయమంటే నీళ్ళ కుండ దగ్గరికి పోయేవాడివి."

స్కూటరు ఆగింది. పాపారావు దిగాడు, హెల్మెట్టు చంకలో పెట్టుకుని, నవ్వుకుంటూ. "ఏంట్రా బామ్మర్దీ, ఆదివారం పూట మాంసం కొట్టు దగ్గర లైన్లో ఉంటే లాక్కొచ్చావ్. నమస్కారమండీ టీచరుగారూ. వీడు మీ దగ్గర చదివాడంట కదా, ఎలా భరించారండీ?"

"నిన్ను మీ ఊళ్ళో పంతులు ఎలా భరించాడో అలాగే. కూర్చో."

ప్రసన్న కుర్చీ వద్దని మెట్టు మీదే కూర్చుంది. పాపారావు కూర్చుంటూ బల్ల మీదికి చూశాడు. అక్కడ నాలుగున్నాయి: తాతగారి ఫ్రెంచి కాగితం, ఏడేళ్ళ కిందట అక్కకి నేల వదులుతూ రాసిచ్చిన విడుదల పత్రం నకలు, పాత చెరువు పుస్తకం, దుర్గాశ్రీ కొనిచ్చిన నోటుపుస్తకం. పాపారావు చెయ్యి తిన్నగా నోటుపుస్తకం మీదికే పోయింది.

"అది కాదు బావా" అన్నాడు బుల్లబ్బాయి.

"నువ్వు పుస్తకం రాస్తున్నావని ఊరంతా ఒకటే గోలరా. చూద్దాం. ఆఁ... 'ఉదయం: నీరు పచ్చగా ఉంది. నాకు నిద్ర లేదు. సాయంత్రం: ఆటో స్టాండులో నన్ను చూసి ముగ్గురు లేచిపోయారు. చెక్ ట్రే: సిగ్గు మిగిలింది.'" పాపారావు తొడ చరుచుకున్నాడు. "చెరువుకి జబ్బు చేస్తే నా కొట్లో మందుంది. నీకేం వెయ్యాలిరా? సున్నం చల్లమంటావా?"

బుల్లబ్బాయికి ఆ పుస్తకం లాక్కుని గోదాట్లో పారేసి వచ్చేద్దామనిపించింది. టీచరుగారు మాత్రం నవ్వలేదు. క్లాసులో పిల్లాడు పాఠం అప్పజెబుతుంటే విన్నట్టు, తల కొంచెం వంచి వింటున్నారు.

"ఇంకోటి. ఇందులో మన పేరుంది! 'సాయంత్రం: పాపారావు బావ కొట్టు మెట్టెక్కుతూ మోకాలు పట్టుకుని ఆగిపోయాడు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. నేను చూశాను. ముసలోడైపోతున్నాడు. చెక్ ట్రే: కోపం వేస్తే జాలి...'"

అక్కడ ఆపేశాడు. పేజీ తిప్పలేదు, పుస్తకం మూయలేదు. చేత్తో మోకాలు తడుముకోబోయి మానేశాడు.

"చదువు నాయనా. వాక్యం మధ్యలో ఆపకూడదు" అన్నారు టీచరుగారు.

పాపారావు పుస్తకం బల్ల మీద పెట్టేశాడు. "సోది. కాగితం సంగతి చూడండి."

"సరే. బుల్లబ్బాయీ, నా పద్ధతి తెలుసుగా. విడుదల పత్రంలో ఏముంది? నీ నోటితో చెప్పు."

ఏడేళ్ళుగా ఊరంతా చెప్పిన మాటే. నాలుక చివర సిద్ధంగా ఉంది. పద్దెనిమిది సెంట్లండి, నేనే స్వయంగా చదివి పెట్టానండి, కంచె బావ జరిపేశాడండి. ఆ మాట అనేస్తే వరండాలో పరువు దక్కుతుంది. రేపు మాత్రం సర్వేయరు హద్దురాయి పాతేస్తాడు.

బుల్లబ్బాయి కుర్చీలోంచి లేచాడు. రెండడుగులేసి గ్రిల్లు దాకా పోయాడు, తిరిగొచ్చాడు. పాత చెరువు పుస్తకం తీసుకున్నాడు. అట్ట మీద మేత మరకలు, ఉప్పుగాలికి పేజీలు గట్టిపడిపోయాయి. ఆ రోజు పేజీ తీసి చదవడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళ కిందట ఈవిడ ముందు వాచకం చదివినట్టే గొంతు తడబడింది. ఈసారి నీళ్ళ కుండ దగ్గరికి పోలేదు.

"'మేత నాలుగు పూటలు. నీటి రంగు బాగుంది. చెక్ ట్రే ఖాళీ.' ఇక్కణ్ణుంచి రిమార్కులండి. 'సంతకం అయింది. పద్దెనిమిదికి ముందొక సున్నా, వెనక రెండు సున్నాలు ఉన్నాయి. సెంట్లయితే అన్ని సున్నాలెందుకో. అడగలేదు. అందరూ నన్నే చూస్తున్నారు.'"

వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

"నేను చదవలేదండి" అన్నాడు బుల్లబ్బాయి. "దస్తావేజు రాసినాయన, చదివి వినిపించమంటారా అని అడిగాడు. అక్కర్లేదు, నేను చదువుకుంటానన్నాను. ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు రాదు. అలా అనడానికి నోరు రాలేదు. కళ్ళు పైనుంచి కిందకి దింపాను. లోపల ఇరవై లెక్కపెట్టి పేజీ తిప్పాను. మళ్ళీ ఇరవై. మూడో పేజీకి పదిహేనే లెక్కపెట్టాను, తొందరగా చదువుతాడనుకోవాలని."

చెబుతూంటే అతనికే విచిత్రంగా ఉంది. ఈ మాట బయటికొస్తే తన మొహం ఎవరికీ చూపించలేననుకున్నాడు. ఇన్నేళ్ళూ పాపారావుని తిట్టినంతసేపూ దీనిమీదే కూర్చుని ఉన్నాడు, కోడి గుడ్డు మీద కూర్చున్నట్టు. తీరా లేచి చూస్తే ఇంతే. నాలుగు మాటలు.

"ఇంకొకటండి. చదువు నాన్న మానిపించాడని అందరికీ చెప్పుకున్నాను. వల లాగడానికి మనిషి కావాలని మానిపించాడని. నాన్న మానిపించలేదు. మీరు లేచి చదవమన్న రోజు క్లాసంతా నవ్వింది. మర్నాడు నేనే పడవెక్కేశాను. అదీ రాశాను మా అమ్మాయి కొనిచ్చిన పుస్తకంలో, ముప్ఫై ఆరో పేజీలో."

టీచరుగారు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచారు. "ఆ రోజు నేను కూడా నవ్వాను బుల్లబ్బాయీ" అన్నారు. "ఇటివ్వు కాగితాలు."

మొదట తాతగారిది చదివారు, ఫ్రెంచి పైకి చదువుతూ, తెలుగు చెబుతూ. హద్దులు నాలుగు. ఉత్తరం కాలవ, తూర్పు పుంత దారి. మొత్తం ముప్ఫై ఆరు 'ఆర్'లు, అది ఫ్రెంచివాళ్ళ నేల కొలత, ఒక్కోటి సెంటుకి రెట్టింపు పైనే. తర్వాత విడుదల పత్రం. రెండో పేజీ దగ్గర వేలు ఆపారు.

"ఒరే నాయనా. సున్నా, పద్దెనిమిది, సున్నా సున్నా. మొదటి గడి హెక్టార్లు, మధ్యది ఆర్లు, చివరివి సెంటియార్లు. సెంట్లు గోదారి అవతల వాళ్ళకి. మన యానాం కాగితాల్లో సెంట్లెక్కడివిరా? ఫ్రెంచివాళ్ళు పోయినా కొలత పోలేదు. నువ్వు వదిలింది పద్దెనిమిది సెంట్లు కాదు. పద్దెనిమిది ఆర్లు."

బుల్లబ్బాయి పాపారావు వంక తిరిగాడు. పాపారావు వీధిలో తన స్కూటరు వంక చూస్తున్నాడు.

"నీకు తెలుసు బావా."

"నేను పద్దెనిమిది అన్నాను. పక్కన సెంట్లని నేనన్నానేమో గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. నువ్వే అనుకున్నావ్. చదువుకుంటానన్నావ్, సరే చదువుకున్నాడు పెద్దమనిషి అనుకున్నాను."

"చదవలేదని నీకు తెలీదా?"

"తెలిస్తే? 'మా బామ్మర్దికి అక్షరం ముక్క రాదండీ' అని అంతమందిలో నేను చెప్పాలా? అప్పుడు నా పీక పిసికేవాడివి కాదూ?"

అది నిజమే. పాపారావు దొరికిన సందులోంచి ముందుకొచ్చాడు, మొహం ఎర్రబడింది.

"ముప్ఫై ఆరులో పద్దెనిమిది ఎంతరా? సగం. కనకదుర్గ మీ నాన్న కూతురు కాదా? ఎక్కడినుంచైనా తెచ్చి పెంచుకున్నారా? కొడుక్కి చెరువు, కూతురికి రోడ్డువార పద్దెనిమిది సెంట్లు, అరటిపిలకలు నాటుకోమని! దానికి రావాల్సింది అది తీసుకుంది."

"సగం అని నా మొహం మీద అడగొచ్చుగా?"

"అడిగితే ఇచ్చేవాడివా?"

ఒకప్పటి బుల్లబ్బాయి అయితే ఇచ్చేవాణ్ణేనని అరిచేవాడు. నలభై ఒక్క రోజులు తనని తాను ఎత్తి చూసుకున్నవాడు కదా, అంత సులువుగా అబద్ధం నోటికి రాలేదు. "ఏమో బావా. ఇవ్వకపోదునేమో" అన్నాడు. "అడిగుంటే తెలిసేది. నువ్వడగలేదు, నేను చదవలేదు. ఇద్దరం ఇద్దరమే. కానీ తూము పోతే నా చెరువు చస్తుంది. అది వాటా కాదు, నా కూడు. అక్కకి సగం కావాలంటే దక్షిణం వైపు కొలుచుకోండి. తూము జోలికి రావద్దు. రేపు సర్వేయరు ముందు, ఊరందరి ముందు, ఇంగ్లీషు రాక మోసపోయానని ఇదే మాట చెబుతాను."

పాపారావు నవ్వాడు గానీ ఇందాకటి నవ్వు కాదది. "చెప్పు. ఎవడు నమ్ముతాడు? ఏడేళ్ళూ మైకు లేకుండా ఊరంతా తిరిగి, చదివే పెట్టాను చదివే పెట్టాను అని నువ్వే చెప్పావ్. పైగా ఇంగ్లీషు చదవగల మనిషి నీ పక్కనే కూర్చుని, కాగితం మొత్తం చూసి, సాక్షి సంతకం పెట్టింది. అది మర్చిపోయావా?"

బుల్లబ్బాయి మర్చిపోలేదు. ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు, అంతే. నలభై ఒక్క పేజీల్లో ఎక్కడా ఆ పేరు రాయలేదు. మెల్లిగా మెట్టు వైపు తిరిగాడు.

ప్రసన్న గొడుగు ముడుచుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఊడిన గొడుగు కమ్మీ ఒకటి పట్టుకుని గుడ్డలోకి దూర్చాలని చూస్తోంది. అది దూరడం లేదు.

"ఉండండి, ముందు అసలు తేడా ఎంతొస్తుందో చూద్దాం" అన్నారు టీచరుగారు, ఇద్దరి మధ్యకీ వచ్చినట్టు. పెన్సిలు కోసం బల్ల సొరుగు లాగారు. "ఒక ఆర్ అంటే రెండున్నర సెంట్లకి కాస్త తక్కువ. దాన్ని పద్దెనిమిదితో హెచ్చవేసి, అందులోంచి వీడు ఇద్దామనుకున్నవి తీసేస్తే..."

పెన్సిలు ఇంకా కాగితానికి తగల్లేదు.

"ఇరవై ఆరున్నర సెంట్లండి" అంది ప్రసన్న, తల ఎత్తకుండానే.